చాకలి సోడా: పొదుపు లెక్కలోకి రాని శ్రమ

బట్టలుతికే పొడిని ఇంట్లోనే చేసుకుని డబ్బు మిగుల్చుకోవడం ఎలాగో మన మహిళా పత్రికల చిట్కాల శీర్షికలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. ఏ చిట్కా తీసుకున్నా వాక్యాల వరస ఒకలాగే ఉంటుంది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే ఉడికించి, పిసికి, వడకట్టాలి. లేదంటే బారుసబ్బు సన్నగా తురిమి, చాకలి సోడా కలిపి, నీడన ఆరబెట్టి డబ్బాకెత్తుకోవాలి. ఈ వాక్యాల్లో ఒక్కదానికీ కర్త లేదు. ‘ఆలి’తో ముగిసే క్రియకి ఎవరు చేయాలో చెప్పనక్కర్లేని సౌకర్యం మన భాషలో ఉంది. ఎవరు నానబెట్టాలి? ఎవరు పొద్దున్నే లేవాలి? చదువుతున్న ఆమెకి ఆ సంగతి తెలుసు కాబట్టి రాసేవాళ్ళకి ఆ మాట రాయాల్సిన అవసరం రాలేదు. చిట్కా చివర నెలకి ఎంత మిగులుతుందో ఉంటుంది. ఆ మిగులు కోసం ఎన్ని గంటలు పడుతుందో మాత్రం ఉండదు.

కథనీ కవితనీ చదివినట్టే చిట్కాని కూడా ఒక ప్రక్రియగా చదవొచ్చని నాకనిపిస్తుంది. అలా చదివితే ముందుగా కంటబడే మాట ‘చాకలి సోడా’. రసాయనశాస్త్రంలో అది సోడియం కార్బొనేట్. వంటకి వాడేదాన్ని వంట సోడా అన్నాం, ఉతుకుడుకి వాడేదానికి ఏకంగా ఒక కులం పేరు పెట్టాం. వంట సోడాకి పని పేరు వస్తే, దీనికి మనుషుల పేరు ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న వెంట పోతే ఇంట్లో చేసుకునే సబ్బుపొడి చరిత్ర మనం అనుకునేదానికంటే చాలా వెనక్కి వెళుతుంది. మట్టినీ సోడానీ కలిపి మురికి వదలగొట్టే పని ఒకటే. దాన్ని ఒక కులం స్త్రీ చేస్తే వెట్టి అయింది, ఒక మగవాడు చేస్తే పరిశ్రమ అయింది, ఇల్లాలు చేస్తే పొదుపు అయింది. ఈ మూడు పేర్ల మధ్య తేడా ఎక్కడుందో వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సబ్బు మన ఊళ్ళకి రాకముందు చౌడు ఉండేది. చౌడు నేలల మీద ఎండాకాలంలో తెల్లగా పొర కడుతుంది. ఆ పొరలో ఉండే లవణాల్లో ముఖ్యమైనది సోడియం కార్బొనేటే. చాకలివాళ్ళు ఆ మట్టిని గీకి తెచ్చి, నీళ్ళలో కలిపి తేర్చి, ఆ నీళ్ళలో బట్టలు నానేసేవాళ్ళు. తర్వాత పెద్ద బాన మీద పేర్చి, కింద మంటపెట్టి, ఆవిరి పట్టించి, తెల్లవారాక రేవులో బండకేసి ఉతికేవాళ్ళు. బట్టకి పట్టిన నూనె జిడ్డుతో క్షారం కలిస్తే అక్కడికక్కడే కొంత సబ్బు తయారవుతుంది. ఏ చౌడు మంచిదో, ఎంత కలిపితే నూలు పోగు దెబ్బతినదో, పట్టుకి చౌడు కాకుండా కుంకుడు రసమే ఎందుకు వాడాలో, ఎవరి బట్ట ఎవరిదో తెలిసేలా నల్లజీడి రసంతో చెరగని గుర్తు ఎలా పెట్టాలో వాళ్ళకి తెలుసు. తరతరాలుగా చేతి మీదుగా వచ్చిన విజ్ఞానమిది. ఐరోపాలో నికొలస్ లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టింది 1791లో. మన దగ్గర మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ కంపెనీ మొదలైంది 1939లో. ఆ తర్వాత ఫ్యాక్టరీ సోడా సంచుల్లో ఊరికి చేరినా, తెలుగువాళ్ళు దాన్ని పాత పేరుతోనే పిలిచారు. చౌడుకి వారసుడని జనానికి తెలుసు.

ఈ విజ్ఞానానికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? పంట ఇంటికొచ్చినప్పుడు కుంచాల లెక్కన కొలిచే గింజలు, రోజూ పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే అన్నం. నైజాం ఇలాకాలో దొరల గడీలకైతే అదీ లేదు, వెట్టి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణాది కులాల సంపుటాల్లో చాకళ్ళ పుట్టుక కథ ఒకటి నమోదు చేశాడు. దక్షయజ్ఞంలో అంతమందిని చంపిన పాపానికి ప్రాయశ్చిత్తంగా అందరి బట్టలూ ఉతకమని శివుడు వీరభద్రుణ్ణి ఆదేశించాడట, వీళ్ళు ఆయన సంతతట. చేర్యాల నకాషీ పటాల మీద బొమ్మలు చూపుతూ చెప్పే మడేలు పురాణం కూడా ఈ కులానిదే. కులపురాణాల్లో రేవుకి మూలపురుషుడున్నాడు. పురిటి గుడ్డలూ ముట్టు గుడ్డలూ ముట్టుకుని ఉతికింది మాత్రం ఆడవాళ్ళు. పెద్దకులాల స్త్రీల ‘మైల’ పోవాలంటే దాన్ని మోసే మరో స్త్రీ కావాలి. ఒకరి మడి మరొకరి చేతుల మీద నిలబడింది.

కంచ ఐలయ్య 2009లో వచ్చిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో చాకళ్ళ గురించి రాసిన అధ్యాయానికి అట్టడుగు స్త్రీవాదులని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆడవాళ్ళ బట్టలు ఉతకడానికి ఆ కులం మగవాళ్ళు సిగ్గుపడలేదనీ, ఆ పనిని స్త్రీపురుషులు పంచుకున్నారనీ ఆయన వాదన. మనం ఆలోచించాల్సిన మాట ఇది. ఎందుకంటే మిగతా కులాల మగవాళ్ళు ఉతుకుడుని ఎప్పుడూ తమ పనిగా అనుకోలేదు. అయితే రేవు దగ్గర పంచుకున్న పని ఇంటికొచ్చాక కూడా పంచుకున్నారా అని అడగాలి. మూటలు పోగుచేసుకొచ్చేదీ, సాయంత్రం గిన్నె పట్టుకుని వాకిళ్ళ ముందు నిలబడేదీ, ఆపైన సొంత ఇంట్లో పొయ్యి రాజేసేదీ ఎక్కువగా ఆమే కదా. ‘చాకిరీ’ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. ‘చాకలి’కీ దానికీ పుట్టుకలో సంబంధం లేదు. ఈ స్త్రీల బతుకులో మాత్రం ఆ రెండూ విడివిడిగా లేవు.

ఆ చాకిరీ మీద తిరగబడ్డవాళ్ళూ ఉన్నారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకి తీసుకుని పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అండతో నిలబెట్టుకుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణా పోరాటంలోని స్త్రీల గొంతులతో పాటు ఆమె గొంతునీ మనకి వినిపించింది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. ఐలమ్మని భూమి కోసం పోరాడిన వీరనారిగా గుర్తుపెట్టుకున్నాం, సరే. ఉతికిన చేతుల సంగతి కూడా ఆ పేరుతోనే గుర్తుకు రావాలి.

ఉతికేవాళ్ళే ఉతుకుడు సరుకు కూడా సొంతంగా తయారు చేసుకోవడం, దానికి లెక్క లేకపోవడం మన కులవ్యవస్థకే పరిమితం కాలేదు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ బట్టలు ఉతికింది నల్లజాతి స్త్రీలు. చరిత్రకారిణి టెరా హంటర్ 1997లో రాసిన పుస్తకంలో వాళ్ళ పని ఎలా సాగేదో వివరించింది. క్షారంతో సబ్బు వాళ్ళే కాచుకునేవాళ్ళు, గోధుమ తవుడుతో గంజి వాళ్ళే చేసుకునేవాళ్ళు, బీరు పీపాల్ని సగానికి కోసి తొట్లు చేసుకునేవాళ్ళు. ఆ ఖర్చూ ఆ శ్రమా కూలిలో కలిసేవి కావు. 1881 జులైలో అట్లాంటా నగరంలో 20 మందితో సంఘం పెట్టుకుని, అందరికీ ఒకే రేటు ఇవ్వాలని సమ్మెకి దిగారు. కొద్ది వారాల్లోనే సంఘంలో దాదాపు మూడు వేల మంది చేరారు. ఇంట్లో కాచిన సబ్బుకి విలువ కట్టమని అడగడం ఆ కాలానికే మొదలైందన్నమాట.

మన దేశానికి సీమసబ్బు వచ్చింది 1888లో. లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బుల పెట్టెలు ఆ ఏడు కలకత్తా రేవులో దిగాయి. 1959లో హిందుస్తాన్ లీవర్ సర్ఫ్‌ని మార్కెట్లోకి తెచ్చింది. మన ఇళ్ళలో ఏ కంపెనీ పొడి అయినా ‘సర్ఫు’గా మారిపోవడం అప్పటినుంచే. ఈ పొడి ముందరి బారుసబ్బులాంటిది కాదు. సబ్బు కఠినజలంలో నురగ రాదు, నీటిలోని కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. పెట్రోలియం నుంచి తీసే డిటర్జెంట్‌కి ఆ ఇబ్బంది లేదు, బోరు నీళ్ళలో కూడా నురగ వస్తుంది. బాన అక్కర్లేదు, రేవు అక్కర్లేదు, బకెట్ చాలు. బకెట్ ఎక్కడుంటుంది? ఇంట్లో. ఇంట్లో బకెట్ ముందు ఎవరు కూర్చుంటారు?

వృత్తి దెబ్బతిన్న చాకలి మగవాళ్ళు పట్నాల్లో ఇస్త్రీ బళ్ళూ లాండ్రీలూ పెట్టుకున్నారు. ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళలో పనిమనుషులయ్యారు. పనిమనిషిని పెట్టుకోలేని ఇళ్ళలో ఆ పని ఇల్లాలికొచ్చింది. రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో అమెరికా ఇళ్ళ గురించి ఇదే చూపించింది. అంతకుముందు బయటి చాకలి స్త్రీకో లాండ్రీకో వెళ్ళిన బట్టలు వాషింగ్ మెషిన్ వచ్చాక ఇంటికి తిరిగొచ్చాయి. ఒక్కో విడతకి కష్టం తగ్గింది, విడతలు పెరిగాయి, చేసే మనిషి మాత్రం ఇల్లాలొక్కతే మిగిలింది. మన దగ్గర మెషిన్ కంటే ముందు ఆ పని చేసింది పొడి.

సర్ఫ్ ధర అందరికీ అందేది కాదు. 1969లో అహ్మదాబాద్‌లో గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో కెమిస్టుగా ఉన్న కర్సన్‌భాయ్ పటేల్ తన ఇంటి పెరట్లో పొడి కలపడం మొదలుపెట్టారు. కూతురు నిరుపమ పేరు మీద దానికి నిర్మా అని పేరుపెట్టి, సైకిల్ మీద ఇంటింటికీ తిప్పి, కిలో సుమారు మూడు రూపాయలకి అమ్మారు. సర్ఫ్ ధర అప్పటికి దానికి నాలుగింతలకి పైనే. అంత చవగ్గా ఎలా అమ్మగలిగారు? చేత్తో కలిపే సరుకు, కరెంటు వాడని తయారీ కాబట్టి ఎక్సైజ్ సుంకం మినహాయింపు చాలాకాలం దొరికింది. ప్రకటనల ఖర్చు మొదట్లో లేదు. చవకకి పునాది చేతిశ్రమే. నిర్మా కథని ఇవాళ మేనేజ్‌మెంట్ విద్యార్థులకి పాఠంగా చెబుతారు. పటేల్‌కి 2010లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తెలివినీ కష్టాన్నీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పెరట్లో పొడి కలిపిన మనిషిని పారిశ్రామికవేత్త అనడానికి మనకి అభ్యంతరం లేనప్పుడు, అదే పొడిని అదే పెరట్లో కలిపిన స్త్రీని ‘పొదుపరి ఇల్లాలు’ దగ్గరే ఎందుకు ఆపేస్తున్నామన్నదే నా ప్రశ్న.

నిర్మా దెబ్బకి తట్టుకోవడానికి 1980లలో సర్ఫ్ టీవీలోకి ఒక పొదుపరి ఇల్లాలినే తెచ్చింది. ఆమె లలితాజీ. ఆ పాత్రని అలీక్ పదంసీ రూపొందించారు, కవితా చౌదరి నటించింది. కూరగాయల దగ్గర గీచిగీచి బేరమాడే ఆమె, చవకైనదానికీ మంచిదానికీ తేడా ఉందనీ, అర కిలో సర్ఫ్ కిలో చవక పొడితో సమానమనీ లెక్క చెబుతుంది. అమాయకురాలిగా కాకుండా లెక్క తెలిసిన మనిషిగా ఒక గృహిణి తెరమీద కనిపించడం అప్పట్లో కొత్తే. కానీ ఆమె లెక్కలో ఉన్నవి గ్రాములూ రూపాయలే. ఎన్ని బకెట్లు తోడిందో, నడుం ఎంత నొప్పి పుట్టిందో అందులో లేవు. చిట్కాలో కర్త ఎలా మాయమైందో ప్రకటనలో శ్రమ అలాగే మాయమైంది.

పొదుపు అనే మాటని మాత్రం మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆంధ్రదేశంలో దానికి వేరే చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధానికి దారితీసింది. సారాకి పోని డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపు బృందాలు ఆ జిల్లాలోనే పుట్టాయి. 1982లో మొదలైన డ్వాక్రా పథకం మన రాష్ట్రంలో అంత విస్తరించడానికి ఆ ఊపే కారణం. చాలామంది స్త్రీలకి తమ పేరున, తమ సంతకంతో ఉన్న మొదటి డబ్బు అదే. ఆ బృందాలకి ప్రభుత్వం నేర్పించిన పనుల్లో ఊరగాయలూ అగరబత్తులూ ఫినాయిలుతో పాటు సర్ఫు తయారీ కూడా ఒకటి.

ఆ తయారీ పైకి కనిపించినంత సులువైన పని కాదు. సోడా పొడిని నేలమీద పట్టా పరిచి పోస్తారు. దానిమీద యాసిడ్ స్లర్రీ కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతారు. గోధుమరంగులో చిక్కగా ఉండే ఈ ద్రవం చర్మానికి తగిలితే కాలుతుంది. సోడాతో కలిసేటప్పుడు వేడి పుట్టి, బొగ్గుపులుసు గాలి పొంగుతుంది. ఉండలు కట్టకుండా గబగబా కలపాలి. ఆపైన ఉప్పు, రంగు, వాసన కలిపి, రాత్రంతా ఆరనిచ్చి జల్లించాలి. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి గుడ్డ ఉండాలి. నల్లగొండ జిల్లాలో ఉండే మా పెద్దమ్మ 1990ల చివర్లో వాళ్ళ బృందంతో పాటు ఈ శిక్షణకి వెళ్ళింది. అక్కడ తొడుగులు ఇవ్వలేదు. “చేతులు మంటలు లేసినయి బిడ్డా, వారం దినాలు కారమన్నం కలుపుకోలే” అని చెప్పింది. ఆ పని ఎందుకు చేశారు మరి అని నేనడిగితే, “అయితేంది! ఆ పొడికి ధర మేమే జెప్పినం. అప్పటిదాంక నేను ఏ సరుక్కీ ధర జెప్పలే, అడుగుడే” అంది. ఆ రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టుకోకుండా ఈ చరిత్ర రాయలేం. మొదటి మాట ఒక్కటే తీసుకుంటే ఆమెని బాధితురాలిని చేస్తాం. రెండోదొక్కటే తీసుకుంటే ప్రభుత్వ కరపత్రం అవుతుంది.

వాళ్ళ బృందం పొడిని ఊళ్ళోవాళ్ళు అరువుకి తీసుకున్నారు, బాకీలు వసూలు కాలేదు. ప్యాకెట్ మీద బొమ్మ లేదు, టీవీలో పాట లేదు. ఏడాదిన్నరకి ఆగిపోయింది. ఆ రోజుల్లోనే, 2000-2001లో, హిందుస్తాన్ లీవర్ తన శక్తి ప్రాజెక్టుని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది కూడా నల్లగొండ జిల్లాలోనే, సుమారు 50 ఊళ్ళలో. పొదుపు బృందాల స్త్రీలు కంపెనీ సబ్బులూ పొడులూ కొనుక్కుని ఇంటింటికీ అమ్ముతారు. ‘శక్తి అమ్మ’లుగా తర్వాత దేశమంతా పేరొచ్చింది. కొంతమందికి దాంతో ఆదాయమూ గౌరవమూ పెరిగాయి, నిజమే. కానీ సర్ఫు చేయడం నేర్చుకున్న స్త్రీ సర్ఫ్ అమ్మే స్త్రీ అయినప్పుడు ధర చెప్పే అధికారం ఎవరి చేతికి వెళ్ళింది? మా పెద్దమ్మ అపురూపంగా చెప్పుకున్నది సరిగ్గా ఆ అధికారం గురించే.

ఇటీవల ఇంటి పొడి మళ్ళీ వచ్చింది, ఈసారి పర్యావరణం పేరుతో. కమలా, నిమ్మ తొక్కలు మూడు పాళ్ళు, బెల్లం ఒక పాలు, నీళ్ళు పది పాళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టే బయో ఎంజైమ్ చాలామంది ఇళ్ళలో తయారవుతోంది. దాన్ని కుంకుడు రసంతో కలిపి ఉతుకుతున్నారు. మొదటి నెలంతా రోజూ మూత తిప్పి గాలి వదలాలి, లేకపోతే సీసా పగులుతుంది. చెరువుల్లోకి ఫాస్ఫేట్లు పోకూడదనే ఆలోచన మంచిదే. అయితే భూమిని కాపాడే పని కూడా ‘ఆలి’ క్రియల్లోనే, ఆమె దినచర్యలోకే చేరుతోంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పనిలో చేయిపెట్టిన మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఆమెకి పది నిమిషాలు తగ్గాయి, ఆయనకీ తొమ్మిది తగ్గాయి. ఆ 289 నిమిషాల్లో ఎక్కడో తొక్కలు కోయడానికీ సీసా మూత తిప్పడానికీ చోటు దొరకాలి.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటి గురించి చాలా లోతుగా మాట్లాడింది. రేవు గురించి అంతగా మాట్లాడలేదు. రాయగలిగిన స్త్రీలలో ఎక్కువమంది బట్టలు వేసే ఇళ్ళలోంచి వచ్చారు, ఉతికే ఇళ్ళలోంచి కాదు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. వంటింటి పొగ మనకి అనుభవం, బాన కింది పొగ ఇంకొకరిది. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక దళిత స్త్రీల రచనల్ని చదివే పద్ధతి మారింది. అలాగే చేతివృత్తుల కులాల స్త్రీల చేతుల్లో ఉన్న విజ్ఞానాన్నీ వాళ్ళ మాటల్లోనే నమోదు చేయాల్సి ఉంది. ఏ చెరువు గట్టు చౌడు మంచిదో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, కానీ వయసు మీదపడింది. ఆ పని చేయాల్సినవాళ్ళలో మన పరిశోధక విద్యార్థినులు ముందుండాలి. పాత మహిళా పత్రికల చిట్కాల శీర్షికలు కూడా మన గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు రూపాయల అంకె పక్కన గంటల అంకె రాసుకుందాం. ప్రతి ‘ఆలి’ దగ్గరా ఆగి, ఎవరు అని అడుగుదాం. సమాధానం ప్రతిసారీ ‘ఇల్లాలు’ కాదు. ఒకప్పుడు చాకలామె, ఇప్పుడు చాలా ఇళ్ళలో పనమ్మాయి. మగవాడి పేరు ఆ ఖాళీలో రాయగలిగే ఇల్లు ఎంత అరుదో కూడా అప్పుడే లెక్క తేలుతుంది.